బండా దీవులకు చిన్న ఓడలో వెళ్లేముందు

జాజికాయకు పుట్టిల్లైన ఇండోనేషియా బండా దీవులకు వెళ్తున్నారా? ముందు పాస్‌పోర్ట్ తీసి చూడండి. ఆ దేశంలో దిగే రోజుకు ఇంకా కనీసం 6 నెలల గడువు ఉండాలి.

ఇన్సూరెన్స్‌లో అత్యవసరంగా పెద్దాసుపత్రికి తరలించే ఖర్చు ఉందో లేదో అడగండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. రోజూ వేసుకునే మందులు ప్రయాణానికి కావలసినవాటికన్నా ఇంకో వారానికి సరిపడా ఎక్కువే పెట్టుకోండి, అదీ చేతిసంచిలోనే. మలేరియా గురించి డాక్టర్‌ను నెల ముందే కలవండి.

చిన్న ఓడ బాగా ఊగుతుంది. కడుపులో తిప్పడం మొదలయ్యాక వాంతుల మాత్ర వేసుకుంటే పెద్దగా పనిచేయదు, గంట ముందే వేసుకోవాలి.

ఓడ నుంచి ఒడ్డుకు చేర్చే రబ్బరు పడవలోకి దిగేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోండి. ఫోన్, కెమెరా తడవని సంచిలో వేసి వీపుకు తగిలించుకోండి. పడవ మనిషి చెయ్యందిస్తే అరచేతిని కాదు, ముంజేతిని పట్టుకోండి. తడిచెయ్యి ఇట్టే జారిపోతుంది. ఒడ్డున మోకాళ్ల లోతు నీళ్లలో దిగాల్సి రావచ్చు కాబట్టి మడమ పట్టీ ఉన్న చెప్పులే వేసుకోండి. పగడాల మీద మాత్రం దయచేసి కాలు పెట్టకండి, అవి ప్రాణమున్నవి.

ఈ దీవుల్లో ఒకటైన బండా నైరాలో డచ్చివాళ్లు 1611లో కట్టిన బెల్జికా కోటకు టోపీ, నీళ్ల సీసా తప్పనిసరి. అక్కడి డబ్బు రుపియా, చిల్లర రుపియాలు దగ్గరుంచుకోండి. ఓడ తిరిగి కదిలే టైమ్ కాగితం మీద రాసుకోండి.