వేరే దేశంలో ట్యాప్ వాటర్ తాగే ముందు ఇవి చూస్కోండి

కొత్త దేశంలో దిగగానే అందరూ అడిగేది ఇదే, ఇక్కడ ట్యాప్ వాటర్ తాగొచ్చా అని. అక్కడివాళ్ళు "మేం రోజూ తాగుతున్నాం కదా" అంటారు, కానీ ఊళ్ళోకి వచ్చే నీళ్ళు మంచివే అయినా మీరు దిగిన బిల్డింగ్ మీదున్న ట్యాంకు ఎప్పుడు కడిగారో వాళ్ళకేం తెలుసు. అందుకే ఓనర్‌నో రిసెప్షన్ వాళ్ళనో ఇలా అడగండి, ఈ ట్యాప్‌కి నీళ్ళు డైరెక్ట్ లైన్ నుంచి వస్తున్నాయా, ట్యాంకు నుంచా? మీరు ఏ నీళ్ళు తాగుతారు? రెండో ప్రశ్నకి కొంచెం నసిగారంటే మీకు జవాబు దొరికినట్టే.

గ్లాసులో నీళ్ళు పట్టగానే పాలలా తెల్లగా కనిపిస్తే చాలామంది భయపడి పారబోస్తారు, ఒక్క నిమిషం ఆగి చూడండి, అడుగు నుంచి పైకి తేటపడుతూ వస్తే అవి గాలి బుడగలే, ఏం కాదు. అడుగున మట్టి దిగితే మాత్రం ఆలోచించాల్సిందే. క్లోరిన్ వాసన వస్తే అది శుద్ధి చేసిన గుర్తు, వాసన నచ్చకపోతే జగ్గులో పోసి కాసేపు వదిలేయండి. కెటిల్‌లో తెల్లగా పెచ్చు కడితే నీళ్ళలో కాల్షియం ఎక్కువ అని అర్థం, దాంతో కెటిల్‌కే ఇబ్బంది, మీకు కాదు.

డౌటుంటే కాచుకోవడమే, దాన్ని మించింది లేదు. సలసలా కాగడం మొదలయ్యాక 1 నిమిషం, 2000 మీటర్ల కన్నా ఎత్తున్న ఊరైతే 3 నిమిషాలు, ఎందుకంటే అంత ఎత్తులో నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. ఎలక్ట్రిక్ కెటిల్ కాగగానే టక్కున ఆగిపోతుంది కదా, అప్పుడు మళ్ళీ ఒకసారి నొక్కి, మూత తీయకుండా దానంతట అదే చల్లారే దాకా వదిలేయండి. చల్లార్చడానికి ఐస్ వేశారో, పడ్డ కష్టమంతా పోయినట్టే, గడ్డకట్టినంత మాత్రాన క్రిములు చావవు.

కాచితే క్రిములు పోతాయి గానీ సీసం, ఆర్సెనిక్, నైట్రేట్ లాంటివి పోవు, నీళ్ళు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడతాయి. పాత బిల్డింగుల్లో సీసం పైపులు ఉండొచ్చు కాబట్టి పొద్దున్నే మొదట వచ్చే నీళ్ళు కాసేపు వదిలేసి తర్వాత పట్టుకోండి, వంటకైనా తాగడానికైనా చన్నీళ్ళ ట్యాప్ నుంచే, వేణ్ణీళ్ళలో సీసం ఎక్కువ కరుగుతుంది. అసలు సీసం ఉందనే అనుమానముంటే ఇవేవీ నమ్ముకోకుండా వేరే నీళ్ళు చూస్కోవడమే మంచిది.

కాచే వీలు లేకపోతే క్లోరిన్ టాబ్లెట్లు. ఎన్ని లీటర్లకి ఒకటో ప్యాకెట్ మీద చూసి వేసి, మామూలుగా 30 నిమిషాలు ఆగాలి, నీళ్ళు మసగ్గా ఉంటే ముందు శుభ్రమైన గుడ్డలో వడకట్టాలి. ఇక్కడే చాలామంది ఒకటి మర్చిపోతారు, బాటిల్ మూత కాస్త వదులు చేసి, బాటిల్ వంచి ఆ మందు నీళ్ళు మర చుట్టూ తడిసేలా చేయండి, లేకపోతే మీ పెదవి తగిలే చోటే పాత నీళ్ళు మిగిలిపోతాయి. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవికి క్లోరిన్ దాదాపు పని చేయదు, దానికి కాచడమో 1 మైక్రాన్ (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) అబ్సొల్యూట్ ఫిల్టరో కావాలి, అబ్సొల్యూట్ అంటే ఆ సైజు కన్నా పెద్దవి దాదాపు ఏవీ దాటనివ్వనిది. అయోడిన్ టాబ్లెట్లు గర్భిణులకి, థైరాయిడ్ ఉన్నవాళ్ళకి వద్దు. ఫిల్టర్ బాటిల్ కొనేముందు బాక్స్ చదవండి, 0.1 మైక్రాన్ అన్నా బ్యాక్టీరియా ఆగుతుంది గానీ వైరస్‌లు చాలావరకు దాటిపోతాయి. రుచి కోసం వాడే కార్బన్ ఫిల్టర్ జగ్గుని నమ్ముకుని క్రిములున్న నీళ్ళు తాగొద్దు.

పళ్ళు తోముకోడానికి కూడా ఈ శుద్ధి చేసిన నీళ్ళే వాడండి, స్నానంలో నోరు మూసుకోండి. నేనైతే వాష్‌బేసిన్ ట్యాప్‌కి చిన్న గుడ్డ కట్టేస్తా, నిద్రమత్తులో చెయ్యి అటే పోతుంది మరి.

ఇన్ని చేసినా విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ప్యాకెట్‌ని కాచి చల్లార్చిన నీళ్ళలోనే కలుపుకోండి, రక్తం పడినా జ్వరం ఎక్కువైనా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళిపోండి.