2147483647 ప్రైమ్ అవునో కాదో చేత్తో తేల్చడం ఎలా

ప్రోగ్రామింగ్ చేసేవాళ్లకి ఈ నంబర్ కొత్త కాదు, 32 బిట్ల సైన్డ్ ఇంట్‌లో (ప్లస్, మైనస్ రెండూ పట్టే పూర్ణాంకంలో) పట్టే అతి పెద్ద విలువ ఇదే. 2 పవర్ 31 లోంచి 1 తీసేస్తే వస్తుంది, ఇలా 2 పవర్‌లోంచి 1 తీసేస్తే వచ్చేవాటిని మెర్సెన్ సంఖ్యలంటారు. గణిత శాస్త్రవేత్త ఆయిలర్ 1772లో, కంప్యూటర్ ఊసే లేని రోజుల్లో, ఇది ప్రధాన సంఖ్యేనని తేల్చేశాడు.

ముందు వర్గమూలం కట్టండి: 46,340 పైచిలుకు. మన నంబర్ ప్రైమ్ కాకపోతే దాన్ని భాగించే ప్రైమ్ ఒకటి ఆలోపే ఉండి తీరాలి. అంతవరకు ఉన్న ప్రైములన్నిటితోనూ భాగించాలంటే నాలుగు వేల ఏడొందలు దాటుతాయి, అంత ఓపిక ఎవరికుంటుంది? అందుకే నేరుగా భాగహారాలకి దిగకండి. p బేసి ప్రైమ్ అయితే 2 పవర్ p మైనస్ 1ని భాగించే ప్రైమ్ ఏదైనా సరే, దాన్ని 2pతో భాగిస్తే శేషం 1 రావాలి, 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ రావాలి. నమ్మకం కుదరకపోతే p = 11 తీసుకోండి: 2047 = 23 × 89, రెండూ ఈ లెక్కకి సరిపోతాయి. (p ప్రైమ్ అయినంత మాత్రాన పై సంఖ్య ప్రైమ్ అయిపోదని కూడా ఇక్కడే తెలిసిపోతుంది, చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే.)

మన p 31. రెండు షరతులూ కలిపితే 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 వచ్చే ప్రైములు చాలు. 63, 249 మూడుతో పోతాయి, 311 ప్రైమ్. దాంతో భాగిస్తే శేషం 35. తర్వాత 497, 559, 745, 807, 993, 1055, 1241 ఏవీ ప్రైములు కావు, 1303 దగ్గర ఆగండి, శేషం 226. ఇలా 46,340 దాకా పోతే చేయాల్సిన భాగహారాలు వందలోపే, ఒక్కటీ నిశ్శేషంగా పోదు, అంతే, ప్రైమ్.

ఇంకా పెద్దవాటికి ఇదీ పనికిరాదు, అక్కడ లూకా-లేమర్ పరీక్ష వాడాలి: 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేసి, మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవడం, ఇలా p మైనస్ 2 సార్లు. చివర్లో సున్నా వస్తే ప్రైమ్, రాకపోతే కాదు. 127తో (p = 7) చేసి చూడండి: 4, 14, 67, 42, 111, 0. భాగహారం కూడా అక్కర్లేదు, 128తో భాగించి భాగఫలాన్నీ శేషాన్నీ కూడితే సరి, 127 వస్తే సున్నా కిందే లెక్క. ఉదాహరణకి 67 వర్గంలోంచి 2 తీస్తే 4487, అందులో 128లు 35, మిగిలింది 7, కూడితే 42. బైనరీలో ఇది బిట్లు కత్తిరించి కూడటమే కాబట్టి కంప్యూటర్‌కి మహా సులువు.

2024లో దొరికిన 2 పవర్ 136279841 మైనస్ 1ని ఖాయం చేసింది కూడా ఈ పరీక్షే. దాన్ని చేత్తో చేయడం జరిగే పని కాదు గానీ, ఎన్ని అంకెలో మాత్రం మీరే కట్టొచ్చు: ఘాతాన్ని 0.3010299957తో (10 ఆధారంగా 2కి లాగరిథమ్) గుణించి, పూర్ణాంక భాగానికి 1 కలిపితే 4,10,24,320 అంకెలు. చివరి అంకె కావాలా? ఘాతాన్ని 4తో భాగిస్తే శేషం 1, అంటే 2 పవర్ చివర్లో 2 ఉంటుంది, ఒకటి తీసేస్తే 1.