విండోస్ అప్‌గ్రేడ్: వెర్షన్ చూడకుండా చెయ్యి పెట్టకండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అందుకే డీటీపీ సెంటర్లు, చిన్న ఆఫీసులు 11కి మారుతున్నాయి. మారడం మంచిదే. కానీ సిస్టమ్‌లో ఇప్పుడున్నది ఏ వెర్షనో, ఎన్ని బిట్లదో (32 బిట్ రకమా, 64 బిట్ రకమా) చూడకుండా మొదలుపెట్టకండి. పెళ్లిళ్ల సీజన్ నెత్తిమీద ఉంటే అసలే వద్దు. శుభలేఖల ఆర్డర్లు తగ్గాక పెట్టుకోండి.

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో సీ ఎం డీ అని కొట్టి ఎంటర్ నొక్కితే నల్ల తెర వస్తుంది. అందులో వీ ఈ ఆర్ అని మూడక్షరాలు కొట్టండి. 'వెర్షన్ 10.0.19045' లాంటి నంబరు, దాని వెనక చుక్క పెట్టి ఇంకో అంకె కనిపిస్తాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. మొదట్లో 10 ఉంది కాబట్టి విండోస్ 10 అనుకుంటారు. విండోస్ 11లో కూడా అక్కడ 10 అనే ఉంటుంది! చూడాల్సింది మూడో ముక్క. అది 22000 లేదా అంతకంటే ఎక్కువైతే మీరు ఇప్పటికే 11లో ఉన్నారు. 19045 అయితే విండోస్ 10లో ఆఖరి వెర్షనైన 22హెచ్2.

తర్వాత అదే తెరలో సిస్టమ్, ఇన్ఫో అనే రెండు మాటల్నీ మధ్యలో ఖాళీ లేకుండా ఇంగ్లీషులో కొట్టండి. కాసేపటికి పెద్ద జాబితా వస్తుంది. అందులో 'సిస్టమ్ టైప్' అన్న లైను వెతకండి. ఎక్స్64 అని ఉంటే 64 బిట్. ఎక్స్86 అని ఉంటే 32 బిట్. అలాంటప్పుడు ఆగాలి. విండోస్ 11లో 32 బిట్ అనేదే లేదు. ఉన్నదాని మీద అప్‌గ్రేడ్ కుదరదు, కొత్తగా ఇన్‌స్టాల్ చేయాల్సిందే. ప్రోగ్రాములు, తెలుగు ఫాంట్లు అన్నీ మళ్లీ ఎక్కించుకోవాలి. పాత ప్రింటర్‌కు 64 బిట్ డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపించే ప్రోగ్రాం) దొరక్కపోతే అది మూలన పడుతుంది.

మా తమ్ముడి షాపులో నేను ఈ ఒక్క లైను చూడలేదు. అప్‌గ్రేడ్ కుదరక, కొత్తగా ఇన్‌స్టాల్ చేయడానికి సీ డ్రైవ్ ఫార్మాట్ చేశాక తెలిసింది, డెస్క్‌టాప్ మీద ఏడు శుభలేఖల ఫైళ్లు ఉన్నాయని. వాడు రెండు రాత్రులు కూర్చుని మళ్లీ టైప్ చేశాడు. ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

కాబట్టి ముందు ఫైళ్లు, ఫాంట్లు బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేయండి. చేశాక ఆ డిస్కును వేరే సిస్టమ్‌కి పెట్టి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకుంటేనే బ్యాకప్ ఉన్నట్టు. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. విండోస్ 11 కోసం బయోస్‌లో (సిస్టమ్ ఆన్ కాగానే తెరిచే సెట్టింగుల్లో) టీపీఎం అనే భద్రతా చిప్ సెట్టింగ్ మార్చాక సిస్టమ్ ఆ కీ అడగొచ్చు. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే ఉంచండి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ చూసుకోండి.

అంతా అయ్యాక మళ్లీ వీ ఈ ఆర్ కొట్టి మూడో ముక్క చూడండి. పాత శుభలేఖ ఒకటి తెరిచి ప్రింట్ తీయండి. వత్తులు, గుణింతాలు సరిగ్గా పడ్డాయని కళ్లారా చూశాకే కొత్త ఆర్డర్ తీసుకోండి.