గది నంబరే ఐడీ అయితే రంగెందుకు పడదు?

తిరుపతి బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలకు వెబ్ పేజీలు చేసిపెట్టేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ చిక్కులో పడతారు. ఒక్కో గదికి ఒక్కో డబ్బా, దాని ఐడీ (పేజీలో దాన్ని గుర్తుపట్టే పేరు) ఆ గది నంబరే: 101, 102, 215.

సమస్య

గది నిండితే డబ్బా ఎర్రగా మారాలని సీఎస్ఎస్‌లో (పేజీకి రంగులూ రూపూ ఇచ్చే భాష) #101 అని రాస్తారు. రంగు పడదు. బ్రౌజర్ ఉలకదు, పలకదు. అదే రూల్‌లో కామా పెట్టి #101, .నిండింది అని కలిపి రాస్తే, ఏ తప్పూ లేని .నిండింది అనే క్లాస్ కూడా దాంతోపాటే పోతుంది. జావాస్క్రిప్ట్‌లో డబ్బాను వెతికే క్వెరీసెలెక్టర్‌కి #101 ఇస్తే మాత్రం కన్సోల్‌లో సింటాక్స్ ఎర్రర్ వస్తుంది.

తికమకంతా ఇక్కడే. అదే జావాస్క్రిప్ట్‌లో గెట్‌ఎలిమెంట్‌బైఐడీకి 101 ఇస్తే డబ్బా దొరుకుతుంది. అడ్రస్ చివర #101 తగిలిస్తే పేజీ సరిగ్గా అక్కడికే వెళ్తుంది. ఐడీ బాగానే ఉందిగా అనుకుని చాలామంది క్యాష్ క్లియర్ చేస్తూ కూర్చుంటారు.

కారణం

నిజంగానే ఐడీలో తప్పు లేదు. పేజీని కట్టే భాష హెచ్‌టీఎంఎల్. దాని 4వ వెర్షన్‌లో ఐడీ అక్షరంతోనే మొదలవ్వాలి. హెచ్‌టీఎంఎల్ 5 ఆ షరతు ఎత్తేసింది. ఐడీ ఖాళీగా ఉండకూడదు, అందులో స్పేస్ ఉండకూడదు, అంతే. సీఎస్ఎస్ మాత్రం పట్టు విడవలేదు. సెలెక్టర్‌లో, అంటే రూల్ దేనికో చెప్పే భాగంలో, # తర్వాత పేరు అంకెతో మొదలవకూడదు. ముందు ఒక హైఫన్ పెట్టి -101 అన్నా ఒప్పుకోదు.

పరిష్కారం

పేజీ మీ చేతిలోదే అయితే ఐడీని గది-101 అని మార్చేయండి. తెలుగు అక్షరాలైనా #గది-101 చక్కగా పనిచేస్తుంది. ఆ మాటకొస్తే #౧౦౧ కూడా పనిచేస్తుంది, సీఎస్ఎస్ లెక్కలో అంకెలంటే 0 నుంచి 9 వరకే కాబట్టి! కానీ రేపు ఆ కోడ్ చూసేవాళ్లు తిట్టుకుంటారు. లాడ్జీకి రెండు బ్లాకులుండి రెండింట్లోనూ 101 ఉంటే ఎలాగూ ఎ-101, బి-101 అనక తప్పదు, ఒకే పేజీలో ఒకే ఐడీ రెండుసార్లు రాకూడదు.

ఐడీలు బుకింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి వస్తూ, మార్చే వీల్లేకపోతే మొదటి అంకెను బ్యాక్‌స్లాష్ పెట్టి దాని క్యారెక్టర్ కోడ్‌గా రాయాలి: #\31 01. సున్నాకి 30, ఒకటికి 31, అలా తొమ్మిదికి 39. 215 అయితే #\32 15. మధ్యలో ఆ స్పేస్ తీసేయకండి; #\3101 అని అతికిస్తే 3101 అనే ఒకే క్యారెక్టర్ కోడ్ అనుకుంటుంది. జావాస్క్రిప్ట్ స్ట్రింగ్‌లో బ్యాక్‌స్లాష్ రెండుసార్లు పెట్టాలి. ఇదంతా ఎందుకనుకుంటే జావాస్క్రిప్ట్‌లోని సీఎస్ఎస్.ఎస్కేప్ ఫంక్షన్‌కి నంబరిస్తే అదే రాసిపెడుతుంది.

స్టైల్‌షీట్‌లో నా ఓటు మాత్రం ఐడీ అనే యాట్రిబ్యూట్ విలువ "101" అని చదరపు బ్రాకెట్లలో రాసే [id="101"] సెలెక్టర్‌కే. చూడగానే అర్థమవుతుంది. కాకపోతే దాని బలం క్లాస్‌తో సమానం, ఐడీ అంత కాదు. అదే డబ్బాకి ఇంకెక్కడైనా # సెలెక్టర్‌తో రంగిచ్చి ఉంటే ఆ రంగే గెలుస్తుంది.