ఫొటో తీయగానే జూమ్ చేసి చూడండి
కెమెరా వెనక ఉండే 3 అంగుళాల తెరమీద దాదాపు ప్రతి ఫొటో పదునుగానే కనిపిస్తుంది. అందుకే తీయగానే ప్లే బటన్ నొక్కి, మనిషి కంటిమీదికి జూమ్ చేయండి. కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనబడాలి. అవి మసకబారి చెవి స్పష్టంగా ఉంటే ఫోకస్ వెనక్కి జారినట్టు. అన్నీ ఒకే వైపు సాగినట్టుంటే చెయ్యి కదిలింది; షటర్ వేగం (షటర్ తెరుచుకుని ఉండే సమయం) 1/60 సెకను ఉంటే 1/250కి పెంచి మళ్ళీ తీయండి.

వెలుతురు విషయంలో మాత్రం తెరని అస్సలు నమ్మొద్దు. చీకట్లో అది ఉన్నదానికంటే ప్రకాశంగా, ఎండలో వెలవెలబోతూ కనిపిస్తుంది. హిస్టోగ్రామ్ చూడండి; ఫొటోలో చీకటి చోట్లు ఎంతున్నాయో ఎడమవైపు, వెలుతురు చోట్లు ఎంతున్నాయో కుడివైపు చూపే గ్రాఫ్ అది. కుడి అంచున గ్రాఫ్ గోడలా నిలబడితే తెల్లటి చోట్ల వివరాలు పోయినట్టే. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుతురుని పెంచే, తగ్గించే సెట్టింగ్) -0.7కి దించండి. రా ఫైల్ (సెన్సర్ పట్టిన సమాచారమంతా ఉండే ఫైల్) తీసేవాళ్ళకి ఆ గ్రాఫ్ సాధారణంగా జేపెగ్ ప్రివ్యూది, అంటే తెరమీద చూపడానికి కుదించిన బొమ్మది; రా ఫైల్లో అంతకంటే ఎక్కువ వివరాలుంటాయి, కాబట్టి అంచుకి కాస్త తగిలితే కంగారు పడక్కర్లేదు.