పర్యావరణ అధ్యయనాల పీజీ, పీహెచ్‌డీలో ఒకరికొకరు తోడుండే పరిశోధక బృందాన్ని ఎలా నిర్మించుకోవాలి?

నీటిలోని సేంద్రియ మలినాలను కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో చెప్పే కొలతను బి.ఓ.డి. (బయోకెమికల్ ఆక్సిజన్ డిమాండ్) అంటారు. దాన్ని కొలవాలంటే నమూనా సీసాను 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర, చీకటిలో 5 రోజులు ఉంచాలి. మంగళవారం పెట్టిన సీసాను ఆదివారం తీయాలి. ఆ ఆదివారం మీరు ఎక్కడో నది ఒడ్డున తర్వాతి విడత నమూనాలు సేకరిస్తుంటే ఏమిటి దారి? ఆలస్యంగా తీసిన సీసా ఇచ్చే అంకెను మిగతావాటి పక్కన పెట్టి పోల్చలేరు. మీ బదులు ప్రయోగశాలకు వెళ్లి సీసా తీసే మనిషి ఒకరు ఉండాలి.

విద్యార్థుల బృందం అనగానే చాలామందికి స్వాగత సభలు, గుంపుగా దిగిన ఫోటోలు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఆదివారం సీసా తీసే ఆ మనిషి గుర్తొస్తారు. పని పంచుకున్న చోట స్నేహం దానంతట అదే పెరుగుతుంది. స్నేహం కోసమే పెట్టిన సమావేశాలకు మూడో నెలకల్లా హాజరు పలచబడుతుంది. అందుకే కింద చెప్పిన ప్రతి అడుగూ ఏదో ఒక పని చుట్టూ తిరుగుతుంది.

మొదటి అడుగు: ఎవరికి ఏమి వచ్చు, ఎవరికి ఏమి కావాలి?

పర్యావరణ అధ్యయనాల తరగతిలో ఒకే చదువు చదివి వచ్చినవారు తక్కువ. ఒకరు వృక్షశాస్త్రం చదివి ఉంటారు, ఇంకొకరు సివిల్ ఇంజినీరింగ్, మరొకరు అర్థశాస్త్రం, వేరొకరు న్యాయశాస్త్రం. ఈ వైవిధ్యమే మన సంపద. కానీ ఎవరి దగ్గర ఏముందో తెలియకపోతే అది పెట్టెలో ఉండిపోయిన సొమ్ముతో సమానం.

సెమిస్టర్ మొదలైన రెండు వారాల్లోపు ప్రతి ఒక్కరూ ఒక్కో పేజీ రాయాలి. తన అంశం గురించి రెండు వాక్యాలు, తనకు బాగా తెలిసిన పని ఒకటి, తనకు రాని పని ఒకటి, క్షేత్రానికి వెళ్లాల్సిన నెలలు. ఇంతే. గణాంక విశ్లేషణ వచ్చినవారికి ఇంటర్వ్యూ ప్రశ్నలు రాయడం తెలియకపోవచ్చు. ఇంటర్వ్యూలు చేసినవారికి మ్యాపులు గీయడం రాకపోవచ్చు. ఈ పేజీలన్నీ ఒక చోట చేరగానే ఎవరు ఎవరి తలుపు తట్టాలో తేలిపోతుంది.

నెలల సంగతి తప్పకుండా రాయించండి. పూత కాలమో, పక్షులు గూడు కట్టే కాలమో దాటిపోతే మళ్లీ ఏడాది ఆగాలి. అందరి నెలలనూ ఒకే క్యాలెండర్‌లో వేస్తే ఏ నెలలో ఎవరికి మనిషి సాయం కావాలో, ఏ పరికరం కోసం ఇద్దరు పోటీ పడబోతున్నారో ముందే కనిపిస్తుంది.

రెండో అడుగు: వారానికి ఒక గంట, చిత్తుప్రతి చదవడానికి

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదేనని నా నమ్మకం. 5 నుంచి 7 మంది ఉండే చిన్న బృందం చాలు. వారంలో ఒకే రోజు, ఒకే గంట. పరీక్షలున్నా, పండుగలున్నా ఆ గంట మారకూడదు. మారడం మొదలైతే బృందం కరిగిపోవడం మొదలైనట్టే.

ఎవరి వంతు వస్తే వారు రెండు రోజుల ముందు 5 పేజీలకు మించని చిత్తుప్రతి పంపాలి. దానితో పాటు రెండు ప్రశ్నలు కూడా పంపాలి. ‘ఎలా ఉందో చెప్పండి’ అనేది ప్రశ్న కాదు. ‘రెండో పేరాలో నా పరిశోధన ప్రశ్న మీకు స్పష్టంగా దొరికిందా?’, ‘ఈ పటం చూసి మీకు ఏమి అర్థమైంది?’ అన్నవి ప్రశ్నలు. సమావేశంలో ముందుగా మాట్లాడాల్సింది ఆ విషయానికి అన్నిటికన్నా దూరంగా ఉన్న చదువు నుంచి వచ్చినవారు. తమకు ఏమి అర్థమైందో వారు తమ మాటల్లో చెప్తారు. అంతసేపూ రాసినవారు మౌనంగా వినాలి. ఈ మౌనం కష్టం. అయినా పట్టుబట్టండి. రాసినవారు వివరించడం మొదలుపెడితే కాగితం మీద ఏముందో ఎవరికీ తెలియకుండా పోతుంది, వారి మనసులో ఉన్నదే అందరికీ వినిపిస్తుంది.

ఇలా చదివితే బయటపడే మొదటి చిక్కు మాటలది. ‘నమూనా’ అన్న మాటనే తీసుకోండి. రసాయన శాస్త్రం చదివినవారికి అది సీసాలోని నీరు. సర్వే చేసేవారికి ఎంపిక చేసిన 200 కుటుంబాలు. కంప్యూటర్‌లో వాతావరణాన్ని లెక్కగట్టేవారు మోడల్‌ను కూడా నమూనా అనే అంటారు. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని అరగంట వాదించుకుని, చివరికి తాము మూడు వేర్వేరు సంగతులు మాట్లాడుతున్నామని గ్రహించడం ఈ చదువులో మామూలే. ‘రెసిలియన్స్’ కూడా అలాంటిదే. దెబ్బ తగిలాక ఒక వ్యవస్థ ఎంత త్వరగా పాత స్థితికి వస్తుందన్నది ఇంజినీర్ల అర్థం. తన స్వభావం మారిపోకుండా ఎంత దెబ్బను ఓర్చుకోగలదన్నది 1973లో సి.ఎస్. హోలింగ్ జీవావరణ శాస్త్రంలోకి తెచ్చిన అర్థం. బృందానికి ఒక పదాల పట్టిక ఉండాలి. వాదన వచ్చిన ప్రతి మాటనూ, దాని అర్థాలన్నిటితో సహా అందులో చేర్చుకుంటూ పోవాలి. రెండేళ్లలో అది కొత్తవారికి పాఠ్యపుస్తకం కన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది.

చదవడానికి ఏమీ లేని వారం కలిసి కూర్చుని రాయండి. 25 నిమిషాలు మౌనంగా రాత, 5 నిమిషాల విరామం, మళ్లీ రాత. ఒంటరిగా ఉన్నప్పుడు కదలని వాక్యం పక్కన ఇంకొకరు రాస్తుంటే కదులుతుంది.

మూడో అడుగు: క్షేత్రానికి ఒంటరిగా పంపకండి

అడవికో, చెరువు గట్టుకో, చెత్త దిబ్బల దగ్గరికో వెళ్లేముందు ఒక కాగితం నింపి బృందంలో ఒకరికి ఇవ్వాలి. ఎక్కడికి వెళ్తున్నారు, ఏ దారిన, తోడు ఎవరు, ఎన్ని గంటలకు తిరిగి వస్తారు, దగ్గరలోని ఆసుపత్రి ఎక్కడ, ఏ మందు పడదు. అన్నిటికన్నా ముఖ్యమైనది చివరి గడి: ఎన్ని గంటల వరకు ఫోను రాకపోతే వెతకడం మొదలుపెట్టాలి, ముందుగా ఎవరికి చెప్పాలి. ఈ గడి నింపని కాగితం వల్ల ప్రయోజనం లేదు. ‘వస్తారులే’ అనుకుంటూ రాత్రంతా గడిపేసే ప్రమాదం ఉంది.

తోడు వెళ్లడాన్ని వంతులుగా పెట్టుకోండి. ఆర్థికశాస్త్ర విద్యార్థి ఒక రోజు కప్పల లెక్కకు తోడు వెళ్తే, జీవశాస్త్ర విద్యార్థి ఇంకో రోజు ఇంటింటి సర్వేకు తోడు వస్తారు. భద్రత కోసం పెట్టుకున్న ఈ ఏర్పాటు ఇద్దరికీ రెండో శాస్త్రాన్ని నేర్పుతుంది. ఏ ఉపన్యాసమూ అంత నేర్పదు.

మనుషులతో మాట్లాడే పరిశోధన అయితే, దాని వల్ల వారికి హాని లేదని చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు ఒక్క ఇంటర్వ్యూ కూడా చేయకూడదు. అనుమతి పొందిన సీనియర్ల దరఖాస్తులు బృందం దగ్గర ఉంటే కొత్తవారికి వారాల సమయం మిగులుతుంది. ఊరివారి సమయం తీసుకున్నాక ఫలితాలను వారి భాషలో, వారికి అర్థమయ్యే తీరులో తిరిగి చెప్పాలి. అది కూడా క్యాలెండర్‌లో తేదీ వేసి రాసుకోవాల్సిన పని.

నాలుగో అడుగు: పరికరాలు, డేటా అందరి ఉమ్మడి సొత్తు

ఉమ్మడి అడవులు, చేపల వేట, సాగునీటి కాలువలు ఎక్కడ చెడిపోయాయో, ఎక్కడ నిలిచాయో పరిశీలించిన ఎలినార్ ఆస్ట్రోమ్‌కు 2009లో అర్థశాస్త్ర నోబెల్ దక్కింది. ఆమె పరిశోధన సారం మన ప్రయోగశాల అల్మారాకు సరిగ్గా వర్తిస్తుంది. వాడుకునేవారే నియమాలు చేసుకున్న చోట, వారిలోనే ఎవరో ఒకరు గమనిస్తూ ఉన్న చోట, తప్పుకు మొదట చిన్న శిక్ష, తర్వాత పెద్ద శిక్ష ఉన్న చోట ఉమ్మడి ఆస్తి ఎక్కువ కాలం నిలుస్తుంది. కాబట్టి నీటి ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ మీటరు ఎవరు తీసుకెళ్లారో, ఏ తేదీన పీహెచ్ 4, 7, 10 ద్రావణాలతో సరిచూశారో రాసే పుస్తకం దాని పక్కనే కట్టి ఉంచండి. రాయకుండా తీసుకెళ్లినవారికి మొదటిసారి ఒక మాట, రెండోసారి నెల రోజులు పరికరం లేదు. ఈ నియమాన్ని పైవారు విధిస్తే గొణుగుతారు, తాము చేసుకుంటే పాటిస్తారు.

పరికరాలు కొనలేని చోట ఉచితంగా దొరికేవి చాలా ఉన్నాయి. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచి తీసిన చిత్రాలు 2008 నుంచి ఎవరికైనా ఉచితం. 2015లో మొదలైన సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాల్లో 10 మీటర్ల వివరం కనిపిస్తుంది. వాటిని తెరిచి మ్యాపులు గీయడానికి క్యూజీఐఎస్ (QGIS) సాఫ్ట్‌వేర్ ఉంది, గణాంకాల లెక్కలకు ఆర్ (R) సాఫ్ట్‌వేర్ ఉంది, రెండూ ఉచితమే. ఒకరు నేర్చుకుని ఒక శనివారం మిగతావారికి చూపిస్తే సరిపోతుంది. ఎవరికి వారు గదుల్లో కూర్చుని నెల రోజులు కుస్తీ పట్టనవసరం లేదు.

డేటా ఫైళ్ల పేర్లలో తేదీని 2024-07-03 పద్ధతిలో, సంవత్సరం ముందుగా రాయండి. 03-07 అని రాస్తే మార్చి 7 అనుకోవచ్చు, జులై 3 అనుకోవచ్చు. కాలంతో ముడిపడ్డ శాస్త్రంలో ఈ పొరపాటు మొత్తం విశ్లేషణను తారుమారు చేస్తుంది. ప్రతి ఫోల్డర్‌లో ఒక వివరణ పత్రం ఉండాలి: ఏ నిలువు వరుసలో ఏముంది, ఏ ప్రమాణంలో, ఖాళీ గడికి అర్థం ఏమిటి. సున్నా అంటే పక్షులు కనిపించలేదని, ఖాళీ అంటే ఆ రోజు చూడలేదని. రెండూ ఒకటి కావు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట. ల్యాప్‌టాప్ పోయినప్పుడు మిగిలేది అదే.

ఎవరి పేరు పత్రంలో రచయితగా ఉంటుందో, ఎవరికి కృతజ్ఞతలు మాత్రమే చెప్తారో డేటా సేకరణకు ముందే రాసి పెట్టుకోండి. మంచి స్నేహాలు ఇక్కడే తెగుతాయి.

ఐదో అడుగు: గైడుతో మాట్లాడే తీరు

ఈ రంగంలో ఇద్దరు గైడ్లు ఉండటం సాధారణం, ఇద్దరి సలహాలు ఎదురెదురుగా ఉండటమూ సాధారణమే. కలిసిన రోజే ‘ఇవాళ ఈ మూడు నిర్ణయాలు తీసుకున్నాం, తర్వాత నేను చేయబోయేది ఇది’ అని నాలుగు వరుసల మెయిల్ ఇద్దరికీ కలిపి పంపండి. ఆరు నెలల తర్వాత మాట తేడా వస్తే అదే ఆధారం. జూనియర్లకు అలాంటి మెయిల్ ఒకటి చూపించండి, చాలు.

నిధుల దరఖాస్తుల విషయంలో ఒక్క మాట: మంజూరైనవాటితో పాటు తిరస్కరించినవాటినీ, సమీక్షకుల వ్యాఖ్యలతో సహా, ఇచ్చినవారి అనుమతితో దాచండి. తిరస్కరించినవే ఎక్కువ నేర్పుతాయి.

ఆరో అడుగు: మనసు బరువెక్కినప్పుడు

2018లో నేచర్ బయోటెక్నాలజీ పత్రికలో ఒక సర్వే వచ్చింది. 26 దేశాల్లోని 2,279 మంది, ఎక్కువగా పీహెచ్‌డీ విద్యార్థులు, సమాధానాలిచ్చారు. సాధారణ జనంతో పోలిస్తే వీరిలో ఆందోళన, కుంగుబాటు ఉండే అవకాశం ఆరు రెట్లకు మించి కనిపించింది. తమంతట తాము ముందుకొచ్చి జవాబిచ్చినవారి సర్వే కాబట్టి ఆ అంకెను జాగ్రత్తగా చదవాలి. అయినా తోటివారి ముఖాలు చూస్తే అది తోసిపుచ్చదగ్గ మాట కాదని తెలుస్తుంది. మన చదువులో దీనికి తోడు ఇంకో బరువుంది. తాము ప్రేమించి ఎంచుకున్న పగడపు దిబ్బ కళ్లముందే పాలిపోవడాన్ని ప్రతి ఏటా కొలిచి రాయాల్సిన విద్యార్థి దుఃఖాన్ని దుఃఖంగానే గుర్తించాలి.

వారపు సమావేశంలో మొదటి పది నిమిషాలు పని గురించి కాక మనుషుల గురించి కేటాయించండి. సలహాలు వద్దు, వినండి. రెండు వారాలు వరుసగా రానివారికి ఒకరు ఫోను చేయాలి, ఎవరు చేయాలో పేరు ముందే రాసి ఉండాలి. ఉద్యోగం చేస్తూ చదివేవారు, చిన్నపిల్లలున్నవారు, దూరం నుంచి చదివేవారు ఏ వేళకు రాగలరో అడిగి ఆ వేళనే ఎంచుకోండి. సాయంత్రం ఏడింటికి పెట్టి ‘వాళ్లు కలవరు’ అనడం అన్యాయం. ఎవరైనా బతకాలని లేదన్నట్టు మాట్లాడితే బృందం తానే చికిత్స చేయబోకూడదు. వారిని ఒంటరిగా వదలకుండా వెంటనే నిపుణుల దగ్గరికి తీసుకెళ్లాలి. ఆ నంబర్లు మొదటి రోజు నుంచే అందరి దగ్గరా ఉండాలి.

ఏడో అడుగు: అప్పగింత

అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ డేవిడ్ కీలింగ్ 1958లో హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలవడం మొదలుపెట్టారు. 1964లో నిధులు తగ్గి కొన్ని నెలలు కొలతలు ఆగాయి. ఆ చిన్న ఖాళీ ఇప్పటికీ ఆ రికార్డులో ఉంది. 2005లో ఆయన మరణించాక కుమారుడు రాల్ఫ్ కీలింగ్ పనిని కొనసాగించారు. ఒక మనిషి పనిచేయగల కాలం కన్నా పొడవైన ఆ కొలతల రేఖ చేతులు మారడం వల్లే నిలిచింది.

పీజీ బ్యాచ్ రెండేళ్లలో వెళ్లిపోతుంది. అందుకే వెళ్లడానికి ఆరు నెలల ముందే ప్రతి సీనియర్‌కూ ఒక జూనియర్‌ను జత చేయండి. జూనియర్‌ను ఒక్కసారైనా క్షేత్రానికి తీసుకెళ్లి, నీటి నమూనా ఏ రాయి దగ్గర ముంచుతారో, ఏ ఇంటివారు పడవ ఇస్తారో, వారిని ఎలా పలకరించాలో చూపించాలి. ఆ తర్వాతి నెల పని జూనియర్ చేయాలి, సీనియర్ పక్కన నిలబడి చూడాలి. అప్పుడు తాళాలు, పాస్‌వర్డులు, పదాల పట్టిక, మీటరు పుస్తకం, ద్రావణాల సీసాల గడువు తేదీలు, ఈ వారం ఇంక్యుబేటర్‌లో (ఉష్ణోగ్రత మారకుండా ఉంచే పెట్టెలో) ఉన్న సీసాల జాబితా అప్పగించాలి. ఏ సీసా ఏ రోజు తీయాలో దాని పక్కనే రాసి ఉండాలి.