పాత ఓమ్నీ ఇంజన్‌లో పిస్టన్ రింగులు మార్చే విధానం

మూడు సిలిండర్ల 796 సీసీ ఓమ్నీ ఇంజన్ నీలి పొగ వదులుతూ ఆయిల్ తాగుతున్నప్పుడు, రింగులు కొనేముందు బోరును, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి రంధ్రాన్ని, కొలిపించాలి. అది అరిగి కోలగా మారి ఉంటే కొత్త రింగులు దండగే. బోరు బాగుంటే, ఒక్కో రింగును విడిగా సిలిండర్‌లో పెట్టి, పిస్టన్ తలతో తిన్నగా లోపలికి నెట్టి, కొనల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పలుచని రేకులతో) చూడాలి. పై రెండు రింగులకు దాదాపు 0.15 నుంచి 0.3 మిల్లీమీటర్ల సందు ఉండాలి. మరీ తగ్గితే వేడికి రింగు సాగి, కొనలు ఒరుసుకుని, విరిగి బోరును గీరేస్తుంది. పిస్టన్ గాడుల్లో గట్టిపడిన మసిని పాత రింగు ముక్కతో గాడి అంచు చెడకుండా గీకాలి. చాలామంది తొందరపడేది ఇక్కడే. అడుగు గాడిలో కూర్చునే ఆయిల్ రింగుతో మొదలుపెట్టి, గుర్తున్న వైపు పైకి వచ్చేలా మిగతా రెండింటినీ ఎక్కించి, కొనలు ఒకే వరుసలో పడకుండా 120 డిగ్రీల ఎడంగా తిప్పి, ఆయిల్ పూసి, రింగులను నొక్కిపట్టే పట్టీ అయిన రింగ్ కంప్రెసర్ బిగించి, పిస్టన్‌ను సుత్తి కర్రపిడితో మెల్లగా తట్టి దించాలి.